గేమ్ కన్సోల్ కంపెనీలు ఎక్కడ తడబడ్డాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

కన్సోళ్ల చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు గెలిచిన మెషిన్ల కంటే ఓడిపోయినవాటి గురించే ఎక్కువ అడుగుతుంటారు. "అంత డబ్బు ఉంది, అంత తెలివైనవాళ్లు ఉన్నారు, అయినా అలా ఎలా చేశారు?" అని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ పొరపాట్లలో టెక్నాలజీ వల్ల జరిగినవి తక్కువ. కొన్నవాళ్లకి ఇచ్చిన మాటను తేలిగ్గా తీసుకోవడం వల్ల జరిగినవే ఎక్కువ.

కన్సోల్ అమ్మడం కూడా టీవీ, ఫ్రిజ్ అమ్మడం లాంటిదే కదా? ఇందులో ప్రత్యేకత ఏముంది?

ఫ్రిజ్ ఇంటికి రాగానే దాని పని అది మొదలుపెడుతుంది. కన్సోల్ అలా కాదు. కొన్న రోజున దానికి ఉండే గేములు పదో ఇరవయ్యో. మనం అసలు డబ్బు కట్టేది రాబోయే ఐదారేళ్లలో వచ్చే గేముల కోసం. వాటిలో చాలావాటికి ఇంకా పేరు కూడా పెట్టి ఉండరు. ఒక రకంగా కంపెనీని నమ్మి ముందే చేబదులు ఇస్తున్నట్టు.

ఆ నమ్మకం మీదే ఆధారపడేవాళ్లు ఇంకా ఇద్దరున్నారు. ఒకరు సరుకు తెచ్చి అరలు నింపే షాపువాళ్లు. రెండోవాళ్లు రెండు మూడేళ్లు కష్టపడి గేము తయారుచేసే డెవలపర్లు. కంపెనీలు చాలాసార్లు మెషిన్‌ని ఖర్చుకి దగ్గరగా, ఒక్కోసారి నష్టానికి అమ్మి, ప్రతి గేము మీద వచ్చే రాయల్టీతో సంపాదించుకుంటాయి. మెషిన్లు కదలకపోతే డెవలపర్లు వెనక్కి తగ్గుతారు. గేములు రావడం లేదని జనం కొనరు. జనం కొనడం లేదని షాపువాళ్లు అర ఖాళీ చేస్తారు. ఒకసారి ఈ సుడిలో పడ్డాక ఎంత ప్రకటనల డబ్బు పోసినా బయటపడటం కష్టం.

సేగా అంత పెద్ద కంపెనీ కదా, కన్సోల్ వ్యాపారం నుంచి ఎందుకు తప్పుకుంది?

చాలామంది దాని చివరి కన్సోల్ డ్రీమ్‌క్యాస్ట్ ఓడిపోయింది కాబట్టి అంటారు. నా లెక్కలో ఆ కథ డ్రీమ్‌క్యాస్ట్‌కి ఐదేళ్ల ముందే మొదలైంది.

1990ల మొదట్లో అమెరికాలో సేగా కన్సోల్ జెనెసిస్, నింటెండోతో నువ్వా నేనా అన్నట్టు పోటీ పడింది. అక్కడి సేగా బాధ్యతలు చూసిన టామ్ కలిన్‌స్కీ ధర తగ్గించాడు, సోనిక్ గేముని మెషిన్‌తో కలిపి ఇచ్చాడు, నింటెండో పేరు పెట్టి మరీ ప్రకటనల్లో సవాలు విసిరాడు. అది బాగా పనిచేసింది.

తర్వాత 1994 నవంబరులో 32ఎక్స్ వచ్చింది. జెనెసిస్ నెత్తిన పుట్టగొడుగులా కూర్చునే 159 డాలర్ల పరికరం అది. దాన్ని బిగించడం ఎలా ఉండేదో చూడండి. జెనెసిస్‌లో కార్ట్రిడ్జ్ పెట్టే చోట దీన్ని దించాలి. జెనెసిస్ నుంచి వచ్చే వీడియో కేబుల్‌ని దీనిలోకి కలపాలి, దీన్నుంచి ఇంకో కేబుల్ టీవీకి వెళ్లాలి. దీనికి విడిగా ఒక పవర్ అడాప్టర్. అంతకుముందే సేగా సీడీ అనే ఇంకో తోడు పరికరం కూడా కొన్న ఇంట్లో అయితే మూడు పరికరాలకి మూడు అడాప్టర్లు, గోడకి మూడు ప్లగ్గులు. ఇంత శ్రమపడి బిగించుకున్నవాళ్లకి తెలియాల్సిన విషయం ఇంకోటుంది. సరిగ్గా అదే నెలలో, జపాన్‌లో సేగా తన పూర్తి కొత్త కన్సోల్ సాటర్న్‌ని విడుదల చేసింది. అంటే 32ఎక్స్ పెట్టె విప్పే రోజుకే దాని వారసుడు వేరే దేశంలో అరల మీద ఉన్నాడు. జపాన్ ఆఫీసుకీ అమెరికా ఆఫీసుకీ మధ్య సఖ్యత లేకపోవడం ఇందులో పెద్ద పాత్ర పోషించింది. 32ఎక్స్‌కి మొత్తం మీద వచ్చిన గేములు సుమారు నలభై. 1996 కల్లా దాని పని అయిపోయింది.

సాటర్న్ "సర్‌ప్రైజ్ లాంచ్" అంటే ఏమిటి?

1995 మే 11న లాస్ ఏంజెలెస్‌లో వీడియో గేముల వ్యాపార ప్రదర్శన ఈ3 మొట్టమొదటిసారి జరిగింది. సాటర్న్ అమెరికాలో సెప్టెంబరు 2న వస్తుందని అప్పటికే అందరికీ చెప్పి ఉన్నారు. ఆ వేదిక మీద కలిన్‌స్కీ, ధర 399 డాలర్లని చెప్పి, మెషిన్లు కొన్ని షాపులకి ఇప్పటికే చేరిపోయాయని ప్రకటించాడు. సోనీ కొత్త కన్సోల్ ప్లేస్టేషన్ కంటే ముందు మార్కెట్లో ఉండాలని సేగా జపాన్ పట్టుబట్టిన ఫలితం ఇది.

సర్‌ప్రైజ్ బాగానే ఉంది. కానీ ఎవరికి? సరుకు అందింది నాలుగు దుకాణాల సంస్థలకే. మిగతావాళ్లు అవమానంగా భావించారు. వాళ్లలో కేబీ టాయ్స్ అయితే సాటర్న్‌ని అమ్మేదే లేదని తేల్చేసింది. సెప్టెంబరు తేదీ నమ్ముకుని గేములు పూర్తిచేస్తున్న బయటి డెవలపర్లకి నాలుగు నెలల గడువు ఒక్కసారిగా మాయమైంది. దాంతో వేసవి అంతా కొత్త మెషిన్ పక్కన పెట్టడానికి గేములే లేవు. కొనాలని డబ్బు దాచుకుంటున్న కుర్రాళ్లకి ముందస్తు ప్రచారం లేదు, సెలవుల సీజన్ కాదు, దాచుకున్నది ఇంకా సరిపోదు.

అదే రోజు సోనీ వంతు వచ్చింది. సోనీ తరఫున స్టీవ్ రేస్ వేదిక ఎక్కి "299" అని ఒక్క మాట చెప్పి దిగిపోయాడు. హాలంతా చప్పట్లు. ఒకరు నాలుగు నెలల ప్రణాళికని ముక్కలు చేసుకుంటే, ఇంకొకరు ఒక్క అంకెతో పని ముగించారు. మార్కెటింగ్ చదివేవాళ్లకి ఈ ఒక్క రోజు చాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఆ తరం ముగిసేసరికి సాటర్న్‌లు సుమారు 93 లక్షలు అమ్ముడయ్యాయి. ప్లేస్టేషన్లు 10 కోట్లు దాటాయి.

మరి డ్రీమ్‌క్యాస్ట్ మంచి మెషిన్ అంటారు కదా?

నిజంగా మంచి మెషిన్. లాంచ్ కూడా బ్రహ్మాండంగా చేశారు. 1999 సెప్టెంబరు 9, అంటే 9-9-99. అలాంటి తేదీ ఒకసారి వింటే మరిచిపోరు. ధర 199 డాలర్లు, మోడెమ్ మెషిన్‌లోనే ఉంది, గేములు కూడా పుష్కలంగా సిద్ధంగా ఉన్నాయి. సాటర్న్‌లో చేసిన ప్రతి తప్పునీ సరిచేసుకున్నారు.

కానీ మధ్యలో ఇంకో తప్పు జరిగిపోయింది. 1997లో సేగా అమెరికాకి చెందిన బెర్నీ స్టోలర్, సాటర్న్ తమ భవిష్యత్తు కాదని బహిరంగంగా అనేశాడు. మాట నిజమే, కానీ కొత్త మెషిన్ అమెరికాకి రావడానికి ఇంకా రెండేళ్లుంది. ఆ మాటతో షాపులు, డెవలపర్లు, కొన్నవాళ్లు అందరూ సాటర్న్‌ని వదిలేశారు. 32ఎక్స్ కొని ఒకసారి, సాటర్న్ కొని ఒకసారి చేతులు కాల్చుకున్నవాళ్లు డ్రీమ్‌క్యాస్ట్ ఎంత బాగున్నా "ఆగుదాం, ప్లేస్టేషన్ 2 వస్తోందిగా" అనుకున్నారు. ప్లేస్టేషన్ 2లో డీవీడీ సినిమాలు కూడా చూడొచ్చు, డ్రీమ్‌క్యాస్ట్‌లో చూడలేం. స్పోర్ట్స్ గేముల దిగ్గజం ఈఏ కూడా డ్రీమ్‌క్యాస్ట్‌కి గేములు చేయలేదు. పైగా మామూలు సీడీ మీద కాపీ చేసిన గేములు కూడా అందులో ఆడేవి.

2001 జనవరి చివర్లో డ్రీమ్‌క్యాస్ట్ తయారీ ఆపేస్తున్నట్టు సేగా ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో సేగా హీరో సోనిక్, నింటెండో చేతి కన్సోల్ గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద కనిపించాడు. ఆ రెండు కంపెనీల పోటీ చూస్తూ పెరిగినవాళ్లకి అది చిన్న విషయం కాదు.

నింటెండో కన్సోల్ వీ పది కోట్లు అమ్ముడైతే, దాని తర్వాతి వీ యూ ఎందుకు పడుకుంది?

అది కొత్త మెషిన్ అని చాలామందికి తెలియలేదు కాబట్టి. వినడానికి నమ్మశక్యంగా ఉండదు గానీ అసలు కారణం ఇదే.

2011 ఈ3లో నింటెండో దాన్ని మొదటిసారి చూపించినప్పుడు కెమెరా కళ్లన్నీ కంట్రోలర్ మీదే ఉన్నాయి. మధ్యలో 6.2 అంగుళాల టచ్ స్క్రీన్ ఉన్న గేమ్‌ప్యాడ్ అది. అసలు కన్సోల్ పెట్టె ఎక్కడో వెనకాల, చూడటానికి పాత వీ లాగే, తెల్లగా ఉంది. పాత వీ రిమోట్లు దీనికీ పనిచేస్తాయి, ప్రకటనల్లో అవి కూడా కనిపించేవి. పేరు చూస్తే "వీ", దాని పక్కన ఒక అక్షరం. అంతకుముందు ఐదేళ్లుగా నింటెండో వీ బ్యాలెన్స్ బోర్డు, వీ వీల్ అంటూ రకరకాల తోడు పరికరాలు అమ్మింది. పిల్లల కోసం కొనే తల్లిదండ్రులు దీన్ని కూడా వాటిలో ఒకటే అనుకోవడంలో ఆశ్చర్యం ఏముంది? "మన దగ్గర వీ ఉందిగా, ఈ ట్యాబ్లెట్ ఎందుకు?" అనుకున్నారు.

ఇది బయటివాళ్ల ఊహ కాదు. కొందరు దీన్ని పాత వీకి తగిలించే పరికరం అనుకుంటున్నారని 2013లో కంపెనీ అధ్యక్షుడు సతోరు ఇవాటా స్వయంగా ఇన్వెస్టర్లకి చెప్పాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. 2014 మార్చితో ముగిసే ఏడాదిలో 90 లక్షల వీ యూలు అమ్ముతామని వేసుకున్న అంచనాని జనవరిలో 28 లక్షలకి కుదించారు. చివరికి దాని జీవితకాలం మొత్తంలో అమ్ముడైనవి 1.356 కోట్లు.

ఇంకో మాట. దాని గేములు బాగాలేక ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. మారియో కార్ట్ 8 వీ యూ మీద 84 లక్షలకి పైగా అమ్ముడైంది. అదే గేముకి కొన్ని మెరుగులు దిద్ది నింటెండో తర్వాతి కన్సోల్ స్విచ్ మీద ఇస్తే 6 కోట్లు దాటింది. గేము ఒకటే, ట్రాకులు చాలావరకు అవే. మారింది మెషిన్, దాన్ని పరిచయం చేసిన తీరు.

స్విచ్ పరిచయ వీడియో 2016 అక్టోబరులో వచ్చింది, నిడివి మూడున్నర నిమిషాలు. ఒకతను ఇంట్లో టీవీ మీద ఆడుతుంటాడు. మెషిన్‌ని డాక్ (టీవీకి కలిపే స్టాండు) నుంచి పైకి లాగి, పక్కల కంట్రోలర్లు తగిలించి, అదే ఆటని బయట కొనసాగిస్తాడు. వివరించే గొంతు అక్కర్లేదు. ఐదేళ్ల పిల్లాడికి కూడా అర్థమవుతుంది. వీ యూ దెబ్బ తినకపోతే ఆ వీడియో అంత శుభ్రంగా వచ్చేది కాదని నేను నమ్ముతాను.

2013లో ఎక్స్‌బాక్స్ వన్ గొడవ ఏమిటి?

మే 21న మైక్రోసాఫ్ట్ కొత్త ఎక్స్‌బాక్స్‌ని ఆవిష్కరించింది. గేముల కోసం గంటసేపు స్క్రీన్‌కి అతుక్కుని కూర్చున్నవాళ్లకి ఎక్కువగా చూపించింది టీవీ చానళ్లు, స్పోర్ట్స్, మాటతో చానల్ మార్చడం. గదిలో అందరికీ నచ్చే మెషిన్ చేయాలని వాళ్ల ఆశ. కానీ మొదటి రోజే వచ్చి కొనేది గేమర్లు. వాళ్లకి చెప్పాల్సింది చెప్పకుండా, అప్పటికింకా రాని కొత్త కస్టమర్లతో మాట్లాడారు.

తర్వాత నిబంధనలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. మెషిన్ 24 గంటలకి ఒకసారి ఇంటర్నెట్‌కి కనెక్ట్ అవ్వాలి, లేకపోతే గేములు ఆడలేరు. డిస్క్ కొన్నా దాన్ని స్నేహితుడికి ఇవ్వడానికి, సెకండ్ హ్యాండ్‌లో అమ్మడానికి షరతులు. కదలికలనీ మాటనీ గుర్తుపట్టే కైనెక్ట్ కెమెరా తప్పనిసరి. అందువల్ల ధర 499 డాలర్లు. ఇంటర్నెట్ సరిగ్గా లేనివాళ్ల సంగతేమిటని అడిగితే, అలాంటివాళ్ల కోసం ఎక్స్‌బాక్స్ 360 ఉందని ఆ విభాగం అధిపతి డాన్ మాట్రిక్ జవాబిచ్చాడు. కొనడానికి వచ్చినవాడితో "నీకు పాతది చాలు" అన్నట్టు వినిపించింది ఆ జవాబు.

జూన్ ఈ3లో సోనీకి పెద్దగా చేయాల్సింది ఏమీ మిగల్లేదు. పీఎస్4 (ప్లేస్టేషన్ 4) గేములు అమ్ముకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, ఎప్పుడూ ఆన్‌లైన్‌లో ఉండక్కర్లేదు, ధర 399. ఒక్కో వాక్యానికీ హాలు హోరెత్తింది. వాటన్నిటికంటే ఎక్కువమందికి చేరింది 22 సెకన్ల చిన్న వీడియో. పీఎస్4 గేము పంచుకోవడం ఎలాగో చూపించే వీడియో అది. సోనీకి చెందిన షుహెయ్ యోషిదా డిస్క్ పెట్టెని పక్కనున్న సహోద్యోగి ఆడమ్ బోయెస్ చేతికి ఇస్తాడు, అతను థ్యాంక్స్ చెబుతాడు. అంతే, అయిపోయింది.

జూన్ 19న, అంటే ఆవిష్కరణ జరిగి నెల తిరగకముందే, మైక్రోసాఫ్ట్ ఆ నిబంధనలని వెనక్కి తీసుకుంది. జూలైలో మాట్రిక్ కంపెనీ వదిలి వెళ్లాడు. 2014 జూన్‌లో కైనెక్ట్ లేకుండా 399కి అమ్మడం మొదలుపెట్టారు. పీఎస్4 చివరికి 11 కోట్లు దాటింది. మైక్రోసాఫ్ట్ మాత్రం కొంతకాలానికి ఎన్ని మెషిన్లు అమ్ముడయ్యాయో చెప్పడమే మానేసింది.

కానీ ఇవాళ అందరూ డిజిటల్‌గానే కొంటున్నారు. అంటే మైక్రోసాఫ్ట్ చెప్పింది నిజమైనట్టేగా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. డిస్కుల వాడకం బాగా తగ్గింది, డిస్క్ డ్రైవ్ లేని కన్సోళ్లు కూడా అమ్ముడవుతున్నాయి. దిశ గురించి వాళ్ల అంచనా తప్పు కాదు.

తేడా ఎక్కడుందంటే, ఆ ప్రణాళికలో కొనేవాళ్లకి పనికొచ్చే ఒక మంచి విషయం కూడా ఉంది. మీ గేముల లైబ్రరీని పది మంది వరకు కుటుంబ సభ్యులతో పంచుకునే వీలు. చాలామందికి ఇప్పటికీ తెలియదు. ఎందుకంటే ముందు "ఇది కుదరదు, అది కుదరదు" అని చెప్పి, లాభం ఏమిటో అస్పష్టంగా వదిలేశారు. నిబంధనలు వెనక్కి తీసుకున్నప్పుడు దానితోపాటు ఇదీ పోయింది. జనం దగ్గర ఉన్న హక్కుని తీసుకునేటప్పుడు, బదులుగా ఏమిస్తున్నారో మొదటి వాక్యంలోనే ఉండాలి.

పీఎస్3 ధర విషయంలో సోనీ ఏమనుకుంది?

పీఎస్2 అమ్మకాలు చూశాక, ప్లేస్టేషన్ పేరుంటే ఎంత పెట్టైనా కొంటారనుకుంది. 2006 ఈ3లో రెండు ధరలు చెప్పారు: 499, 599 డాలర్లు. ఇంకొన్ని గంటలు ఎక్కువ పనిచేసైనా దీన్ని కొనాలని జనానికి అనిపించాలి అని కెన్ కుతరాగి అంతకుముందే అన్నాడు. ప్లేస్టేషన్ సృష్టికర్తగా ఆయన మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ ఆ మాట విన్నవాళ్లకి చిన్నబుచ్చినట్టు అనిపించింది.

ఖరీదుకి కారణాలు లేకపోలేదు. బ్లూరే డ్రైవ్ అప్పట్లో చాలా కొత్త, సెల్ ప్రాసెసర్ మరీ కొత్త. ఆ సెల్‌కి ప్రోగ్రామ్ రాయడం కష్టం కావడంతో ఒకే గేము ఏడాది ముందు వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 మీద మెరుగ్గా కనిపించేది. ధర చాలా ఎక్కువ, ఫలితం మాత్రం తక్కువ. ఎంత అభిమానం ఉన్నా ఎవరు సమర్థించగలరు? 2009లో 299 డాలర్ల స్లిమ్ మోడల్ వచ్చాకే మెషిన్ తేరుకుంది. చివరికి 8.7 కోట్లు దాటింది. అది మామూలు విజయం కాదు, కానీ పీఎస్2 అమ్మకాల్లో సగం కంటే కొంచెమే ఎక్కువ.

ధర కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది 2010 ఏప్రిల్ సంగతి. పీఎస్3లో లినక్స్ (కంప్యూటర్లలో వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకోవచ్చని మొదట్నుంచీ చెప్పి అమ్మారు. భద్రతా కారణాలు చూపించి ఒక అప్‌డేట్‌తో దాన్ని తీసేశారు. అప్‌డేట్ చేసుకోకపోతే ఆన్‌లైన్ ఆటలు బంద్. కొన్న వస్తువులోంచి ఒక భాగం ఇంట్లో ఉండగానే మాయమైంది. అమెరికాలో కోర్టు దాకా వెళ్లి సెటిల్మెంట్ అయింది.

ఎక్స్‌బాక్స్ 360 "రెడ్ రింగ్" తయారీ లోపం కదా, దానికీ మార్కెటింగ్‌కీ సంబంధం ఏమిటి?

ముందు వెలుగు గురించి చెప్పాలి. పవర్ బటన్ చుట్టూ నాలుగు ముక్కల వలయం ఉంటుంది. మామూలుగా ఆకుపచ్చగా వెలుగుతుంది. మూడు ముక్కలు ఎర్రగా మినుకుమంటే మెషిన్ పని అయిపోయినట్టు. చిప్ లోపలి అతుకులు ప్రతిసారీ వేడెక్కి చల్లారుతూ చివరికి పగిలిపోయేవి. ఆ మూడు ఎర్ర లైట్లు చూసినవాళ్లకి ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంటుంది. కొందరు మెషిన్‌ని తువ్వాలులో చుట్టి వేడెక్కిస్తే బాగవుతుందని ప్రయత్నించేవారు. అది తాత్కాలికంగా పనిచేసినా ప్రమాదకరం.

2005లో సోనీ కంటే ఏడాది ముందు మార్కెట్లో ఉండాలన్న తొందర ఆ మెషిన్ పుట్టుకలోనే ఉంది. సంబంధం అక్కడ. కానీ ఆ తర్వాత చేసింది మెచ్చుకోవాలి. 2007 జూలైలో వారంటీని మూడేళ్లకి పెంచి, దానికోసం 100 కోట్ల డాలర్లకి పైగా పక్కన పెట్టారు. అంతకుముందు సొంత డబ్బుతో రిపేరు చేయించుకున్నవాళ్లకి ఆ డబ్బు కూడా వెనక్కి ఇచ్చారు. ఆ సొమ్ముతో కొనుక్కున్నది ఎక్స్‌బాక్స్ పేరుకి మిగిలిన ఆయుష్షు.

1983లో అమెరికాలో వీడియో గేముల వ్యాపారం కుప్పకూలడానికి అటారీ కంపెనీ "ఈటీ" గేమే కారణమా?

ఒక్క గేము ఒక పరిశ్రమని కూల్చలేదు. 1982 క్రిస్మస్‌కి అందాలని ఆ గేముని సుమారు ఐదు వారాల్లో ఒక్క ప్రోగ్రామర్ చేత చేయించారు. అమ్ముడవని కార్ట్రిడ్జులని 1983లో న్యూ మెక్సికోలోని అలమొగార్డో దగ్గర చెత్త గుంటలో పూడ్చారు. 2014లో తవ్వితే నిజంగానే బయటపడ్డాయి. కథగా బాగుంటుంది కాబట్టి అదే గుర్తుండిపోయింది.

అసలు జబ్బు వేరు. అటారీ మెషిన్‌కి ఎవరు పడితే వాళ్లు గేములు చేసి అమ్మారు, ఏది మంచిదో ఏది చెత్తో కొనేవాళ్లకి తెలిసే దారి లేదు. రెండు మూడుసార్లు మోసపోయినవాళ్లు కొనడం మానేశారు. షాపువాళ్లు "వీడియో గేమ్" అన్న మాట వింటేనే ముఖం తిప్పుకునే పరిస్థితి.

నింటెండో 1985లో అమెరికాలో అడుగుపెట్టినప్పుడు ఆ గాయాన్ని గుర్తుపెట్టుకునే వ్యవహరించింది. మెషిన్‌ని "ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్" (ఎన్‌ఈఎస్) అంది, వీసీఆర్ లాగా ముందు నుంచి క్యాసెట్ తోసే డిజైన్ చేసింది, రాబ్ అనే బొమ్మ రోబోని జతచేసింది. అనుమతి లేని గేములు నడవకుండా లోపల ఒక లాక్ చిప్, పెట్టె మీద నాణ్యత ముద్ర. డెవలపర్ల మీద నింటెండో పెత్తనం తర్వాత హద్దులు దాటిందనేది నిజం. అయినా ఆ రోజుకి పోయిన నమ్మకం తిరిగి రావడానికి అది పనికొచ్చింది.

"మాది ఎక్కువ బిట్ల మెషిన్" లాంటి ప్రకటనలు పనిచేస్తాయా?

బిట్లంటే చిప్ ఒకేసారి ఎంత సమాచారం మోయగలదో చెప్పే అంకె. గేము చూపించి చెబితే పనిచేస్తాయి. 1993లో అటారీ జాగ్వార్ "64 బిట్లు, మీరే లెక్క వేసుకోండి" అనే ధోరణిలో ప్రచారం చేసుకుంది. ఆ బిట్లు కనిపించే గేములు మాత్రం చాలా తక్కువ. మెషిన్ రెండున్నర లక్షలు కూడా అమ్ముడవలేదు.

త్రీడీవో, వర్చువల్ బాయ్, ఎన్-గేజ్ ఎందుకు నిలబడలేదు?

త్రీడీవో 1993లో 699 డాలర్లు. మెషిన్‌ని వేరే కంపెనీలు తయారుచేసేవి. గేముల మీద ఆదాయం త్రీడీవో కంపెనీకి వెళ్లేది కాబట్టి, తయారీదారులు లాభమంతా మెషిన్ ధరలోనే చూసుకోవాలి. లెక్క అక్కడే తప్పింది.

వర్చువల్ బాయ్ 1995లో వచ్చింది. బల్ల మీద స్టాండు, అందులోకి మొహం వంచి చూస్తే నలుపు మీద ఎర్ర గీతలు మాత్రమే. కళ్లకి విశ్రాంతి ఇవ్వమని మెషినే మధ్యలో ఆట ఆపే ఏర్పాటు ఉండేది. ఏడాది తిరక్కుండానే ఆపేశారు.

నోకియా ఎన్-గేజ్ 2003లో ఫోన్‌నీ గేముల మెషిన్‌నీ కలిపింది. ఆలోచన కాలం కంటే ముందుంది. కానీ గేము మార్చాలంటే వెనక మూత తీసి, బ్యాటరీ బయటికి లాగాలి. మాట్లాడాలంటే ఫోన్‌ని అంచు మీద నిలబెట్టి చెవికి ఆనించాలి. ఈ రెండూ వాడి చూసిన ఎవరైనా ముందే చెప్పి ఉండేవారు.

ఎక్స్‌బాక్స్ పేర్లు ఎందుకంత గందరగోళం?

ఎక్స్‌బాక్స్, 360, వన్, వన్ ఎస్, వన్ ఎక్స్, సిరీస్ ఎస్, సిరీస్ ఎక్స్. ఇది వయసు వరుసే అయినా చెబితే తప్ప తెలియదు. 2020 సెప్టెంబరులో సిరీస్ ఎక్స్ ప్రీ-ఆర్డర్లు తెరిచిన రోజే పాత వన్ ఎక్స్ అమెజాన్ అమ్మకాల ర్యాంకుల్లో ఒక్కసారిగా పైకి దూకింది. పేరు చూసి పొరబడ్డవాళ్లు అందులో ఉన్నారన్న అనుమానం సహజం. ప్లేస్టేషన్ 1, 2, 3, 4, 5 అని లెక్కపెట్టుకుంటూ పోయింది. నింటెండో కూడా వీ యూ పాఠం తర్వాత 2025లో కొత్త మెషిన్‌కి స్విచ్ 2 అని పేరు పెట్టింది.

ప్రకటనల్లోనే తప్పు జరిగిన సందర్భాలున్నాయా?

ఉన్నాయి. 2006 చివర్లో సోనీ చేతి కన్సోల్ పీఎస్పీ కావాలని తహతహలాడే ఒక కుర్రాడి బ్లాగు కనిపించింది. అది సోనీ కోసం ఒక ప్రకటనల సంస్థ నడిపిందని పాఠకులే కనిపెట్టారు, సోనీ ఒప్పుకుంది. అభిమానుల గొంతుని అద్దెకి తెచ్చుకుంటే అసలు అభిమానులకే మండుతుంది.

పొరపాటు చేసి సరిగ్గా సరిదిద్దుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నాకు అన్నిటికంటే నచ్చేది 2011 నాటి నింటెండో చేతి కన్సోల్ 3డీఎస్. మార్చిలో 249 డాలర్లకి అమెరికాలో విడుదలైంది, అమ్మకాలు నీరసపడ్డాయి. ఆరు నెలలు కూడా తిరక్కుండా ఆగస్టులో ధర 169కి దించారు. ఇక్కడే అసలు పరీక్ష. మొదట్లోనే నమ్మి కొన్నవాళ్లు 80 డాలర్లు ఎక్కువ కట్టారు. వాళ్లని వదిలేస్తే తర్వాతిసారి ఎవరూ ముందు కొనరు.

ఇవాటా వాళ్లకి క్షమాపణ చెప్పి, 20 పాత గేములు ఉచితంగా ఇచ్చాడు. పది ఎన్‌ఈఎస్‌వి, పది గేమ్‌బాయ్ అడ్వాన్స్‌వి. తన జీతంలో సగం కోసుకున్నాడు. తర్వాత మంచి గేములు వరసగా వచ్చాయి. 3డీఎస్ చివరికి 7.5 కోట్లు దాటింది.

గూగుల్ గేముల సేవ స్టేడియా కథ దీనికి వేరేగా ముగిసింది. 2019లో మొదలై 2023 జనవరి 18న మూసేశారు. మెషిన్ లేకుండా నెట్ మీద ఆడటం మంచి ఆలోచనే, కానీ గేముల్ని పూర్తి ధర పెట్టి కొనాలి. కంపెనీ ఎప్పుడు చేతులెత్తేస్తుందో అన్న భయం జనంలో మొదటి రోజు నుంచే ఉంది. 2021లో సొంత గేమ్ స్టూడియోలు మూసేసినప్పుడు ఆ భయం ఖాయమైంది. ఒక్క విషయంలో గౌరవంగా తప్పుకున్నారు: తమ స్టోర్లో కొన్న పరికరాలకీ గేములకీ డబ్బు వాపసు ఇచ్చారు.

ఇదంతా తెలిశాక, కొత్త కన్సోల్‌ని మొదటి రోజే కొనడం మంచిదా?

ఆగితే మూడు ప్రశ్నలకి జవాబు దొరుకుతుంది. పాత గేములు ఇందులో ఆడతాయా? మొదటి ఏడాదిలో వచ్చే గేములకి తేదీలు చెప్పారా, పేర్లు మాత్రమే చెప్పారా? బయటి డెవలపర్లు నిజంగా పనిచేస్తున్నారా? ఈ మూడింటికీ కంపెనీ సూటిగా సమాధానం ఇవ్వకపోతే ఆరు నెలలు ఆగడం వల్ల పోయేది ఏమీ లేదు. ధర తగ్గుతుందన్న ఆశ ఒక్కటే పెట్టుకుని మాత్రం ఆగొద్దు. ఒకప్పుడు ఏడాది తిరిగేసరికి కన్సోళ్ల ధర తగ్గేది. పీఎస్5 ధర 2022లో చాలా దేశాల్లో పెరిగింది.

ఇంకో సంగతి, ఎదురు ఉదాహరణ కాబట్టి చెబుతున్నాను. 599 డాలర్లు పోసి మొదట్లోనే పీఎస్3 కొన్నవాళ్లని అప్పట్లో అందరూ తొందరపడ్డారన్నారు. ఆ మోడల్లో పీఎస్2 చిప్ కూడా ఉండేది. ఖర్చు తగ్గించడానికి సోనీ తర్వాతి మోడళ్లలో దాన్ని తీసేసింది. పీఎస్2 డిస్కులు నేరుగా ఆడే ఆ తొలి మెషిన్ల కోసం సేకరించేవాళ్లు ఇప్పటికీ వెతుకుతున్నారు.